నేలకు నోటీసు

వేములగుంటలో పిల్లలు పడితే చేసే వైద్యం ఒకటే. దగ్గరున్న పెద్దవాళ్ళెవరైనా వంగి, అరచేత్తో నేలను రెండు దెబ్బలు వేస్తారు. మా పిల్లను పడేస్తావా, ఉండు నీ పని చెప్తా, అని దాన్ని నాలుగు మాటలంటారు. పిల్ల ఏడుపు సగంలో ఆపి, దెబ్బ నేలకు గట్టిగా తగిలిందో లేదో చూస్తుంది. ఆ చూడ్డంలో తన దెబ్బ సంగతి మరిచిపోతుంది. ఆ ఊళ్ళో సర్పంచి దగ్గర్నుంచి గొర్రెలు కాసే ఆయన దాకా అందరూ నేలను కొట్టించుకుని పెరిగినవాళ్ళే. దానివల్ల నేలకు గాని, ఊరికి గాని ఏ నష్టమూ జరగలేదు, ప్రభుత్వం పసిపిల్లలకు స్కూటర్లు ఇచ్చేదాకా.

అవి పెట్రోలు పోసి నడిపేవి కావు. మూడు చిన్న చక్రాలు, నిలబడ్డానికి జానెడు పలక, పట్టుకోవడానికి ఒక పిడి. ఒక కాలు పలకమీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోవాలి. పట్నాల్లో పిల్లలు అడుగులు రాగానే వాటిమీద తిరుగుతున్నారట, తిరిగినకొద్దీ తెలివి పెరుగుతోందట. పల్లె పిల్లల తెలివి అక్కడే ఆగిపోకూడదని పైవాళ్ళకు తోచింది. శిశు చలన వికాస పథకం అని పేరు పెట్టి అంగన్వాడీకి ఒకటి చొప్పున పంపారు. స్కూటరుకంటే దాంతోపాటు వచ్చిన భద్రతా నిబంధనల పుస్తకం బరువుగా ఉంది. స్కూటరు నేర్చుకొను క్రమంలో ఏ శిశువూ పడరాదు అన్నది అందులో మొదటి నిబంధన. పడినచో బాధ్యుల పేరు జిల్లాకు తెలుపవలెను అన్నది రెండోది. మిగతా పేజీలన్నీ ఎలా తెలపాలో చెప్పేవి.

వేములగుంట అంగన్వాడీ టీచరు శేషారత్నం. ఊళ్ళో ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్న కుర్రాళ్ళ ముక్కులు తుడిచింది ఆవిడే. ఆ పని తప్ప ఇంకో పని ఆవిడకు రాదు, ఇంకో పని చెయ్యాలన్న కోరికా లేదు. పుస్తకం పూర్తిగా చదివి, పక్కన పెట్టి, తనకు తోచినట్టు నేర్పడం మొదలుపెట్టింది. పాత చీర పేలిక పిల్ల నడుముకు కట్టి కొస తన చేత్తో పట్టుకునేది. పైనుంచి వచ్చిన హెల్మెట్టు పిల్ల కళ్ళమీదికి జారుతుంటే లోపల తుండుగుడ్డ మడిచి పెట్టేది. నేర్చుకునేవాళ్ళలో అందరికంటే మొండిది గురవమ్మ మనవరాలు. దానికి మోక్షిత అని పేరు రాయించారు గాని ఊరంతా బుడ్డమ్మి అనే పిలుస్తారు. మూడేళ్ళ పిల్ల. స్కూటరు పిడి పట్టుకుందంటే అన్నం తినేటప్పుడూ వదిలేది కాదు.

ఒకరోజు సూపర్‌వైజరమ్మ తనిఖీకి వచ్చింది. ఆవిడ భుజాన మెరుస్తున్న ఎర్ర సంచి చూసి బుడ్డమ్మి పిడి అటు తిప్పింది. మనిషి ఒకవైపు, స్కూటరు ఒకవైపు పడ్డాయి. చీర పేలిక శేషారత్నం చేతిలోనే ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. మోకాలిమీద మాత్రం చింతగింజంత చర్మం లేచింది. వాకిట్లో కూర్చున్న గురవమ్మ లోపలికి వచ్చి, గచ్చుమీది నాపరాతి బండను రెండు దెబ్బలు వేసి, తిట్టవలసిన తిట్లు తిట్టింది. బుడ్డమ్మి ఏడుపు ఆపేసి మళ్ళీ స్కూటరు దగ్గరికి పోయింది. సంగతి అంతటితో అయిపోవలసిందే. కాని సూపర్‌వైజరమ్మ చూసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చూసింది రాయడం ఆవిడ ఉద్యోగం.

విచారణకు జిల్లానుంచి త్రివిక్రమరావు గారు వచ్చారు. ఆయన శిశు చలన భద్రతా విచారణాధికారి. పథకం మొదలయ్యాక జిల్లా మొత్తంమీద కాగితానికెక్కిన పడ్డం ఇదొక్కటే. అందుకని ఆయన జీపు దిగడంలోనే కొంత ఉత్సాహం కనిపించింది. మోకాలు చూశారు, స్కూటరు చూశారు, టేపు పెట్టి రెండింటికీ మధ్య దూరం కొలిపించారు. సదరు శిశువు సంఘటన సమయంలో పూర్తి స్పృహలో ఉన్నదా అని అడిగారు. సదరు శిశువు ఆయన జేబులో పెన్ను ఇమ్మని అడిగింది.

కొలతలన్నీ అయ్యాక బాధ్యులు అన్న గడి మిగిలింది. అది ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోదని ఆయన చెప్పారు. శిశువు పేరు రాయడానికి లేదు, వయసు చాలదు. తల్లిదండ్రుల పేరు రాయడానికి లేదు, ఆ రోజు ఇద్దరూ మిరపచేలో ఉన్నారు. ఆయన పెన్ను మూత తీశారు. శేషారత్నం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఎక్కాలు రానివాళ్ళకైనా ఆ తీసివేత వస్తుంది. ఆ గడిలో పేరు పడ్డవాళ్ళకు మరుసటి నెలనుంచి అంగన్వాడీ తాళంచెవులు ఉండవు.

అప్పుడు గురవమ్మ కలగజేసుకుంది.

"ఆమె పేరెందుకు రాత్తావయ్యా? తప్పు నేలది. దాన్ని నేనప్పుడే కొట్టా."

త్రివిక్రమరావు గారు పెన్ను ఆపారు. "కొట్టారా? తమరు స్వయంగా?"

"రెండేశా."

"అది ఎదురుచెప్పిందా?"

"ఏం మొహం పెట్టుకుని చెప్పుద్దీ. తప్పు దానిదైపోయె."

ఆయన చాలాసేపు కిందికి చూశారు. ఆయన సర్వీసులో చాలామంది బాధ్యుల్ని చూశారు. టీచర్లయితే సంఘం ఉంటుంది, జెండాలు పట్టుకుని వస్తారు. కాంట్రాక్టరయితే పైనుంచి ఫోన్లు వస్తాయి. గుమాస్తా అయితే కోర్టుకు పోతాడు. నేలకు సంఘం లేదు, బంధువులు లేరు, ఫోను లేదు. పిలిచినప్పుడు అక్కడే ఉంటుంది. ఇంత అనుకూలమైన బాధ్యులు ఈ శాఖలో ఇంతకాలం ఎవరి కంటా పడకుండా ఎలా ఉన్నారా అని ఆయన ఆశ్చర్యపోయారు. గడిలో నేల అని రాశారు. కంప్యూటరు ఒప్పుకుంది.

మర్నాటికి నోటీసు తయారయింది. సదరు నేల తన విధి నిర్వహణలో అలసత్వము వహించి, ప్రభుత్వ స్కూటరుపై ప్రయాణించుచున్న శిశువు మోకాలిని గాయపరచినందున, తనపై చర్య ఏల తీసుకొనరాదో వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను, అని ఉంది అందులో. మైదాపిండి గంజితో దాన్ని నేలకే అంటించారు. అంటించినట్టు సూపర్‌వైజరమ్మ ఫొటో తీసింది. నోటీసును తొక్కడం నేరం గనక ఆ మేరకు గదిలో పిల్లలు తిరగడం మానేశారు. గురవమ్మ వచ్చి చూసి, కొట్టాక మళ్ళీ ఈ కేసేంది, ఒక తప్పుకు రెండు శిక్షలా, అని అడిగింది. తమరు చేసింది గృహసంబంధమైన చర్య, ఇది శాఖాపరమైన చర్య, రెండూ వేరు అని త్రివిక్రమరావు గారు ఫోనులో వివరించారు.

వారమైనా నేల సంజాయిషీ ఇవ్వలేదు. మౌనం అంగీకారమని నిర్ణయించి దాన్ని విధులనుంచి సస్పెండు చేశారు. అంటే ఇక దానిమీద ఎవరూ కాలు పెట్టకూడదు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇచ్చే నియమం ఉంది గనక, దాన్ని కడగడానికి వచ్చే ఫినాయిలు సగం సీసాకు తగ్గించారు. వరండా సంగతేమిటని ప్రశ్న వచ్చింది. ఆ బండలూ ఇదే క్వారీవని తేలింది. దగ్గరి బంధుత్వం రుజువైనందున వరండాను కూడా పక్కన పెట్టారు.

పిల్లల్ని ఆవరణలోకి మార్చారు. అక్కడుండేది మట్టి, అది రెవెన్యూ వారి పోరంబోకు. ఇంకో శాఖ నేలమీద మన శిశువులు కాలు పెడితే జవాబు చెప్పేదెవరని సందేహం వచ్చింది. ఊళ్ళోవాళ్ళు నులకమంచాలు తెచ్చి వేశారు. పిల్లలు పొద్దున ఎక్కి కూర్చుంటే సాయంత్రం దిగేవాళ్ళు. అక్షరాలు, గుడ్లు, పాటలు, నిద్ర, అన్నీ మంచాలమీదే. నెల తిరిగేసరికి కొందరు పిల్లలు ఇంటి దగ్గర కూడా నడవమంటే చేతులు చాపి ఎత్తుకోమనడం మొదలుపెట్టారు. పడినవారి సంఖ్య సున్నా అని సూపర్‌వైజరమ్మ జిల్లాకు రాసింది. జిల్లానుంచి అభినందన వచ్చింది.

స్కూటరును కిటికీ ఊచకు గొలుసేసి తాళం పెట్టారు. బుడ్డమ్మి మంచంమీద ఆ కిటికీకి దగ్గరి మూలే కావాలని పేచీ పెట్టి కూర్చునేది. మంచం పట్టెమీద ఒక కాలు పెట్టి, రెండోకాలితో గాలిని తన్నేది. నేలకు తప్పు ఇంకా అవలేదా అని రోజూ శేషారత్నాన్ని అడిగేది. అవుద్దిలేమ్మా అనేది శేషారత్నం. అనేదేగాని ఆవిడ భయం ఆవిడకుంది. నేల నిర్దోషి అని తేలిన రోజున ఆ గడిలోకి మళ్ళీ వచ్చేది తన పేరే. రోజూ తన చేత్తో ఊడ్చి కడిగిన నేల తప్పుచేసిందని తేలాలని ఆవిడ మొక్కుకోవలసి వచ్చింది. సాయంత్రం తాళం వేసేటప్పుడు గడప ఇవతల నిలబడి ఒకసారి లోపలికి చూసేది.

తుది తీర్పులో నేలకు బదిలీ వేశారు. బదిలీ అంటే దాని స్థానంలోకి ఇంకొకటి రావాలి. సత్ప్రవర్తన గల నేల, ఎవరూ ఎన్నడూ పడని నేల, ఎక్కడున్నదో వెతకమని మండలాలన్నిటికీ ఉత్తర్వులు పోయాయి. బడుల్లో లేదు. ఆసుపత్రిలో అసలే లేదు. బస్టాండు వాళ్ళు జవాబే రాయలేదు. చివరికి అలాంటి నేల త్రివిక్రమరావు గారి ఆఫీసులోనే ఉన్నదని తేలింది. ఆ ఆఫీసు కట్టినప్పటినుంచి అక్కడ పడ్డవాళ్ళు లేరు. పడాలంటే ముందు కదలాలి, అక్కడ ఎవరూ కదిలింది లేదు. అర్జీలు పట్టుకున్నవాళ్ళు నిలబడి నిలబడి, ముందుకు ఒక్కో అంగుళం జరిగి జరిగి, ఆ బండలు అద్దంలాగా అరిగిపోయి ఉన్నాయి. దాని సత్ప్రవర్తన పత్రంమీద త్రివిక్రమరావు గారు స్వయంగా సంతకం చేశారు.

మేస్త్రీలు వచ్చి వేములగుంట బండలు పెకలించి ట్రాక్టరుకెత్తారు. అవి పోయి జిల్లా ఆఫీసులో చేరాయి. అక్కడివాళ్ళు వాటి పక్కన బోర్డు పెట్టారు: ఈ నేలపై గతములో కేసు కలదు, నిదానముగా నడువుడు. ఆఫీసు బండలు వేములగుంటకు వచ్చి పడ్డాయి. పరిచాక వాటిని కడగడానికి శేషారత్నం బకెట్టు పట్టుకుని లోపలికి పోయింది. రెండడుగులేసేసరికి కాలు సర్రున పోయింది, తలుపు పట్టుకుని ఆగింది. ఈ మాట ఎవరితోనైనా అనాలా అని ఆలోచించింది. పత్రం ఉన్న నేలమీద పితూరీ చెబితే వినేవాళ్ళెవరు. పైగా కేసు మూతపడే రోజు. గోడ పట్టుకుంటూ ఎలాగో కడగడం ముగించి, బకెట్టు తీసుకుని బయటికి వచ్చేసింది.

ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు. మంచాలన్నీ గుమ్మానికి ఎదురుగా జరిపి పిల్లల్ని చూడమన్నారు. గురవమ్మ వచ్చి మనవరాలి మంచంమీదే ఒక కొసన కూర్చుంది. త్రివిక్రమరావు గారు మాట్లాడుతూ, నేల అన్నది పరిపాలనకు పునాది అన్నారు. పునాది సరిగా లేనిచో పైనున్నవి ఎంత సరిగా ఉన్నను ఫలితము శూన్యమన్నారు. బుడ్డమ్మి కిటికీ దగ్గర గొలుసు విప్పడమే చూస్తోంది, ఆయన్ను చూడ్డంలేదు.

స్కూటరును శిశువుకు అప్పగించుటకు ముందు బాధ్యత గల అధికారి స్వయముగా పరీక్షించవలెనని పుస్తకంలో ఉన్నదని సూపర్‌వైజరమ్మ గుర్తుచేసింది. ఎన్నో పేజీయో కూడా చెప్పింది. త్రివిక్రమరావు గారికి తప్పలేదు. హెల్మెట్టు తెప్పించుకుని నెత్తిన పెట్టుకున్నారు. అది తాటికాయమీద కొబ్బరిచిప్ప బోర్లించినట్టు నిలిచింది. కుడి పాదం పలకమీద పెడితే మడమ బయటే ఉండిపోయింది. పిడి అందుకోవడానికి నడుము బాగా వంచవలసి వచ్చింది. ఆ వంగిన వాటంలోనే ఫొటోకు నవ్వి, ఎడమకాలితో నేలను తన్నారు.

ఆ నేల తన్నులు తినడానికి అలవాటుపడింది కాదు. పట్టు ఇవ్వలేదు. కాలు అటు పోయింది, స్కూటరు ఇటు పోయింది, ఆయన మధ్యలో పడ్డారు. చప్పుడు మరీ పెద్దదేం కాదు. భుజంమీది బస్తా దించినట్టు వినపడింది.

ఎవరూ కదల్లేదు. సూపర్‌వైజరమ్మ చెయ్యి మాత్రం దానంతటదే సంచిలోకి పోయి కాగితం తీసింది. త్రివిక్రమరావు గారు కూలబడ్డచోటనే ఉండి చుట్టూ చూశారు. స్కూటరు ప్రభుత్వానిది, తప్పు చెయ్యదు. నిబంధన పైనుంచి వచ్చింది. నేలకు సత్ప్రవర్తన పత్రం ఉంది, సంతకం తనదే. ఇక మిగిలింది తాను. ఆ మాట దగ్గర ఆయన ఆలోచన ఆగకుండా దాటిపోయి, గుమ్మం పక్కన నిలబడ్డ శేషారత్నం దగ్గర ఆగింది.

"ఈ నేల కడిగినది ఎవరు?"

శేషారత్నం కొంగు వేలికి చుట్టుకుంది. "నేనేనండీ," అంది.

ఆయన సూపర్‌వైజరమ్మ వైపు తిరిగారు. ఆవిడ పెన్ను మూత తీసింది. గురవమ్మ లేవబోయింది గాని మోకాళ్ళు సహకరించక మళ్ళీ మంచం పట్టె పట్టుకుంది.

బుడ్డమ్మి మంచం దిగింది. రెవెన్యూ వారి మట్టి తొక్కుకుంటూ వచ్చి, గడప దాటి, జారకుండా చేతులమీద పాకుతూ ఆయన దగ్గరికి చేరింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని అరచేత్తో నేలను రెండు దెబ్బలు వేసింది.

"మా సారును పడేత్తావా," అంది నేలతో. తర్వాత ఆయన మొహంలోకి చూసింది. "కొట్టేశా. ఏడవమాక. లే."

తాను ఏడవడంలేదని త్రివిక్రమరావు గారు అన్నారు. ఆ పిల్ల నమ్మినట్టు కనపడలేదు. అలాంటి విషయాల్లో దానికి ఆయనకంటే అనుభవం ఉంది. ఆయన హెల్మెట్టు పట్టీ గడ్డం కిందనుంచి సడలించుకున్నారు. దెబ్బ తగిలినచోట చెయ్యి పెట్టుకున్నారు, అక్కడ చెయ్యి పెట్టుకోవడం అధికారులకు బాగుండదని తోచి తీసేశారు. అందరూ చూస్తున్నారు. ఆయన తల వంచుకుని, పక్కవాళ్ళకు వినపడనంత చిన్నగా అన్నారు.

"ఇంకోటి వెయ్యమ్మా."

బుడ్డమ్మి ఈసారి చెయ్యి బాగా పైకెత్తి వేసింది.

త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. సూపర్‌వైజరమ్మ చేతిలో కాగితం తీసుకుని ఆయనే రాశారు. సదరు నేల దోషమును అధికారి స్వయముగా అనుభవించి నిర్ధారించుకొనినందున, అక్కడికక్కడే శిక్ష విధించి అమలు జరుపడమైనది. ఇంతకుముందు జరిగిన సంఘటనలో కూడ ఇదే విధముగ శిక్ష అమలైనట్లు తెలియుచున్నందున ఉభయ కేసులును మూసివేయడమైనది. టీచరుపై ఏ చర్యయు అవసరము లేదు. అంతవరకు రాసి ఆగి, గుమ్మంలోంచి బయటి మట్టిని కాసేపు చూశారు. ఇకమీదట స్కూటరు శిక్షణ ఆవరణయందలి మట్టిపై జరుపవచ్చును, సదరు మట్టి రెవెన్యూ శాఖ వారిది గావున దానిపై సంభవించు పడుటలకు ఈ శాఖ జవాబుదారీ కాదు, అని చేర్చారు. జీపులో ఒకపక్కకు ఒరిగి కూర్చుని వెళ్ళిపోయారు.

శేషారత్నం తాళంచెవుల గుత్తి బొడ్లోంచి తీసి చూసుకుని మళ్ళీ బొడ్లోనే దోపుకుంది. తర్వాత మంచాలు ఒకవైపుకు లాగించి, స్కూటరు బయటికి తెచ్చింది. పాత చీర పేలిక బుడ్డమ్మి నడుముకు కట్టింది, హెల్మెట్టులో తుండుగుడ్డ మడిచి పెట్టింది. ఎదురుగా చూడాలి, సంచులు గించులు చూడగూడదని చెప్పింది. పిల్ల తలూపింది. ఒక కాలు పలకమీద పెట్టి రెండో కాలితో మట్టిని తన్నింది. మట్టి పట్టు ఇచ్చింది.

వేపచెట్టు దాకా బాగానే పోయింది. అక్కడ వేరు తగిలి పడింది. శేషారత్నం చేతిలో పేలిక బిగిసింది. గురవమ్మ మంచంమీదనుంచి వంగబోతే మోకాళ్ళు మళ్ళీ వంగనియ్యలేదు. సూపర్‌వైజరమ్మ సంచిలో చెయ్యి పెట్టి, ఈ నేల తమది కాదని గుర్తొచ్చి చెయ్యి తీసేసింది.

బుడ్డమ్మి లేచి కూర్చుని అందరి మొహాలూ చూసింది. ఎవరూ వచ్చేటట్టు లేరని చూసుకుని, మట్టిమీద తనే ఒక దెబ్బ వేసింది. ఒక్కటే. ఇంకోటి వెయ్యాలా అని కాసేపు ఆలోచించి, తప్పు అంత పెద్దది కాదనుకున్నట్టుంది, అరచెయ్యి గౌనుకు తుడుచుకుని స్కూటరు లేపుకుంది.